కాలువల కాట్లీ - వానరపు చీలమండ

ఏలూరు నుండి తాడేపల్లిగూడెము మీదుగా కాలువ గట్టు వెంట తూర్పునకు సాగు బాటసారికి కాటను దొర యెవరో చెప్పవలసిన పని లేదు. ధవళేశ్వరమున 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట వలన ఈ సీమకు అన్నపూర్ణ యను పేరు వచ్చినది. గోదావరిలో స్నానమాడు పెద్దలు కొందరు సంకల్పములో ఆయనను స్మరించుటయు మన ప్రాంతమున విన్నదే. కాని కాటను దొరకు ఈడైనవాడును, ఆయన చదివిన పాఠశాలలోనే చదివినవాడును, గంగానదికి కాలువ త్రవ్వి ఉత్తరదేశమున అంతటి పేరు గడించినవాడును, తుదకు కాటను దొరతోనే వాదమునకు దిగినవాడును అగు సర్ ప్రోబీ కాట్లీని గూర్చి మన జిల్లాలవారికి తెలిసినది స్వల్పము. కాలువ పనుల నడుమ ఆయన చేతికి వచ్చిన ఒక చిన్న కాలి యెముకను గూర్చి తెలిసినది మరింత స్వల్పము. ఆ మనుష్యుని గూర్చియు, ఆ యెముకను గూర్చియు నేడు కొంత వ్రాయ దలచితిమి.

ప్రోబీ థామస్ కాట్లీ 1802వ సంవత్సరము జనవరి 3వ తేదీన ఇంగ్లండులోని సఫోకు మండలమున ఒక క్రైస్తవ మతాచార్యుని యింట జన్మించెను. కాటను దొర పుట్టుక 1803. ఈస్టిండియా కంపెనీవారు తమ సైన్యములకు ఉద్యోగులను తయారుచేయుటకై అడిస్కూంబు అను చోట నడపిన పాఠశాలలో ఉభయులును చదివిరి. ఉభయులును 1819లోనే కొలువు పొందిరి. ఒకడు చెన్నపురి యింజనీర్లలో చేరగా, మరియొకడు వంగదేశపు ఫిరంగిదళమున చేరెను. ఒకనికి గోదావరియు, మరియొకనికి గంగయు దక్కునని ఆనాడు ఎవరూహించిరి? కాట్లీ భరతపుర దుర్గ ముట్టడిలో పాల్గొనెను గాని ఆయన జీవితమును మలచినది ఫిరంగి కాదు, పలుగు పార.

పూర్వము మొగలాయి ప్రభువుల కాలమున యమునానదికి తూర్పున ఒక కాలువ యుండి పూడిపోయినది. దానిని తిరిగి పారించు పనిలో 1825లో కాట్లీ ఒక పై యింజనీరునకు సహాయుడుగా కుదిరెను. 1830లో నీరు వదలిరి. 1831 నుండి పండ్రెండేండ్ల పాటు ఆ కాలువ ఆయన యాజమాన్యముననే యుండెను. కాలువ త్రవ్వువానికి భూమి ఒక గ్రంథము వంటిది. పుటపుటకును లోతు పెరుగును. సహారనుపురము వద్ద బేహటు గ్రామపు చేరువ కాలువ అడుగు శుభ్రముచేయుచుండగా పదునేడు అడుగుల మట్టి క్రింద ఒక ప్రాచీన పట్టణపు జాడలును, నాణెములును బయటపడెను. ఇతరులైనచో నాణెములను సంచిలో వేసికొని పని సాగించెడివారు. కాట్లీ ఆ మట్టిపొరలను కొలిచి, వివరములు వ్రాసి, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి పంపెను. తరువాతి కాలమున ఎముకల విషయమునను ఆయన అనుసరించిన మార్గమిదియే.

హిమాలయములకు దక్షిణమున, మైదానమునకు అంచు గట్టినట్లు శివాలికు కొండలు సాగును. పైకి కొండలే గాని వాటి పుట్టుక నదులలోనే కలదు. హిమాలయములనుండి దిగిన నదులు లక్షల యేండ్లు తెచ్చిపోసిన యిసుక, ఒండ్రు, గులకరాయి గట్టిపడి, పిమ్మట భూమి ఒత్తిడివలన పైకి లేచి కొండలైనవి. మన కొల్లేటి చుట్టును నాగలికి మెత్తగా తెగు నల్లని ఒండ్రుమట్టి యేదో, అదియే మిక్కిలి ప్రాచీనమై రాయియైనచో ఎట్లుండునో శివాలికులట్లుండును. ఆ పొరలలో నాటి మృగముల యెముకలు శిలారూపమున నిలిచియున్నవి. అచ్చటి జనులు వానిని పిడుగు ఎముకలనుచుండిరి.

ఈ యెముకల వార్త కొత్తది కాదు. పదునాలుగవ శతాబ్దమున ఫిరోజుషా సుల్తాను ఒక గుట్టను కోసి కాలువ త్రవ్వించినపుడు ఏనుగుల యెముకలును, మనుష్యుల యెముకలును లభించెననియు, మనుష్యుని ముంజేతి యెముక మూడు గజముల పొడవుండెననియు ఫెరిష్తా తన చరిత్రమున వ్రాసియున్నాడు. మూడు గజముల ముంజేయి గల మనుష్యుడు భూమిమీద ఎన్నడును లేడు. అది యేదో మహామృగపు కాలు. ఎముక అబద్ధమాడలేదు, చదివినవారు పొరబడిరి. కాలిని చేయి యనుకొన్న ఈ పొరపాటును పాఠకులు గుర్తుంచుకొన వలెను. మన కథలో ఇది మరల వచ్చును.

1832లో సహారనుపురపు వనస్పతి తోటకు హ్యూ ఫాల్కనరు అను స్కాట్లండు వైద్యుడు అధికారియై వచ్చెను. కాట్లీకంటె ఆరేండ్లు చిన్నవాడు. కాలువల అధికారియు, తోటల అధికారియు స్నేహితులైరి. సెలవు దినములన్నియు శివాలికు లోయలలోనే గడపిరి. 1834లో నహాను సంస్థానపు ప్రాంతమున ఫాల్కనరు ఆరు గంటలలో మూడువందలకు పైగా ఎముక ముక్కలను సేకరించెనని ప్రసిద్ధి. జిరాఫీకి జ్ఞాతియై, కొమ్ములతో ఏనుగంత బరువుగా తోచు ఒక మృగమును కనుగొని శివుని పేర శివథీరియమని నామకరణము చేసిరి. మనుష్యుడు లోపల కూర్చుండదగినంత డిప్ప గల తాబేటి శకలములును దొరకెను.

వారికి పోల్చిచూచుకొనుటకు చేరువలో మ్యూజియము లేదు, తగిన గ్రంథములును లేవు. అందుచేత ఆ యిరువురును ఒక యుపాయము పన్నిరి. అడవిలోను, ఊరిలోను తిరుగు జంతువుల అస్థిపంజరములనే కూర్చుకొని, రాతిలోని యెముకను పచ్చి యెముక ప్రక్కన పెట్టి చూచిరి. ఎనుముతో ఎనుమును, పులితో పులిని, లేడితో లేడిని సరిచూచిరి. గురువు లేనిచోట ప్రకృతినే గురువుగా గ్రహించిన యీ కృషికి 1837లో లండనులోని భూగర్భశాస్త్ర సంఘమువారు తమ వొలాస్టను పతకమును ఉభయులకును కలిపి యిచ్చిరి.

అట్టి రోజులలో వారి చేతికి ఒక చిన్న యెముక చిక్కినది. అది చీలమండ యెముక. గుప్పిట పట్టునంతటిది. దానిని కొండముచ్చు చీలమండ ప్రక్కన పెట్టగా రెంటికిని మిక్కిలి పోలిక కనబడినది. ఈ వార్తకు ఆనాడెంత విలువయో నేటివారికి తెలియదు. ఎముకల శాస్త్రమునకు ఆద్యుడని పేరొందిన ఫ్రాన్సుదేశపు కువియే 1832లో కన్నుమూయునాటికి, శిలారూపమున వానరపు ఎముక ఒక్కటియు ఎవరును గుర్తింపలేదు. ఏనుగులును, ఖడ్గమృగములును పూర్వయుగములలో నుండెనుగాని వానరములును నరులును కడపటి సృష్టియని పండితులనేకులు తలచుచుండిరి. ఆ తలంపును పడగొట్టు సాక్ష్యము ఒక కోతి కాలిరూపమున సహారనుపురపు బల్లమీద కూర్చున్నది.

కాలి యెముక ఒక్కటి ఇంత చెప్పగలదా యని పాఠకులు సంశయింపవచ్చును. కొల్లేటి గట్టున ఒక పూట నిలువబడి చూచినచో సంశయము తీరును. తామరాకులపై నడచు పక్షికి వ్రేళ్ళు మిక్కిలి పొడవు. బరువు పంచబడి ఆకు మునుగదు. బాతు వ్రేళ్ళ నడుమ తోలు తెర, అది తెడ్డు. కొంగకు కాళ్ళు సన్నని కొయ్యలు. అది లోతుగల మడుగున నిలిచి వేటాడును. కొల్లేటి రైతునకు పక్షిని చూపక కాలు మాత్రము చూపినను, అది యెట్లు బ్రతుకునో చెప్పగలడు. ఎద్దు గిట్టను చూచి పొలమున నడచునదియనియు, ఉడుత గోరును చూచి చెట్టెక్కునదియనియు చెప్పుటకు శాస్త్రము చదువ నక్కరలేదు. శాస్త్రజ్ఞుడు చేయు పనియు ఇదియే; మాంసమును చర్మమును పోయిన పిదప మిగిలిన యెముకనుండి చేయును.

చీలమండ యెముక పైన కాలి యెముకలకును, క్రింద మడమకును నడుమ నుండును. శరీరపు బరువంతయు దానిమీదుగానే నేలకు దిగును. పరుగెత్తు మృగమునందు దాని పైభాగము లోతైన గాడి గల కప్పీవలె నుండి, పాదమును ముందునకు వెనుకకు మాత్రమే ఆడనిచ్చును, ప్రక్కకు తిరుగనీయదు. చెట్టెక్కు జంతువునందు గాడి లోతు తగ్గి, క్రింది కీలు ప్రక్కలకు తిరుగుటకు వీలుగా నుండును. ఏలయన అరికాలు కొమ్మను ఒరసి పట్టవలెను. మన తాటితోపులలో గీతగాండ్రు మోకు నడుమునకు తగిలించుకొని, కాళ్ళకు బందము వేసికొని, అరికాళ్ళను లోపలికి త్రిప్పి మ్రానును పట్టి యెక్కుదురు. మనుష్యుడు త్రాటి సాయమున కష్టపడి చేయు పనిని వానరము కీళ్ళ నిర్మాణముచేతనే చేయును.

కాని కాట్లీ, ఫాల్కనరులు ఆ వార్తను వెంటనే చాటలేదు. ఒక్క చీలమండను నమ్మి ఒక యుగపు చరిత్రను మార్చవచ్చునా? దవడయో, పల్లో దొరకు వరకు ఆగుదమని నిశ్చయించిరి. వారాగుచుండగా 1836 నవంబరు నాటి ఏషియాటిక్ సొసైటీ పత్రికలో బేకరు, డ్యూరాండు అను ఇరువురు యువ యింజనీర్లు తమకు దొరకిన కోతి పైదవడ ముక్కను ప్రకటించిరి. తొలి ప్రకటన గౌరవము వారికే దక్కెను. కాట్లీ, ఫాల్కనరులు 1837లో తమ యెముకలను వెల్లడించిరి. ఆ యేటనే ఫ్రాన్సునందును గిబ్బను జాతిని బోలిన యొక శిలావానరము వెల్లడి యయ్యెను. ముందుగా కనుగొనియు వెనుకబడినందుకు వారు కలహించినట్లు కానరాదు. సందేహమున్నచోట ఆగుట నష్టము తెచ్చినను తప్పు కాదని మా యభిప్రాయము.

ఇక ఆయన జీవితమున పెద్ద పని మిగిలియున్నది. మన ప్రాంతమున 1832-33లో నందన కరవు ఊళ్ళను ఖాళీ చేసినట్లే, 1837-38లో గంగా యమునల నడిమి సీమను ఘోరమైన కరవు పట్టెను. లక్షల కొలది జనులు మడిసిరి. పన్నులు వసూలుచేయుటలో చురుకైన కంపెనీ ప్రభుత్వమునకు, ప్రజలు చచ్చి శిస్తు పడిపోయిన తరువాతగాని నీటి మాట జ్ఞప్తికి రాదు. కాట్లీ గుఱ్ఱముపైనను, కాలినడకను ఆ సీమను కొలిచి 1840లో గంగకాలువకు పథకము సిద్ధముచేసెను. 1842లో త్రవ్వకము మొదలయ్యెను. నడుమ ధనము నిలిచెను, ప్రభువులు మారిరి, ఆయన యారోగ్యము చెడి 1845 నుండి 1848 వరకు స్వదేశమున నుండవలసి వచ్చెను. తిరిగివచ్చి పని నడిపించి 1854 ఏప్రిలు 8వ తేదీన నీరు వదలెను.

హరిద్వారపు పండాలు గంగకు బంధనము కూడదని అడ్డుపడగా, ఆయన వారితో మాటాడి, ప్రవాహమునకు అడ్డులేని దారి విడిచి, స్నానఘట్టములను బాగుచేయింతునని యొప్పుకొని, విఘ్నేశ్వర పూజతో పని మొదలుపెట్టించెను. రూర్కీ వద్ద సోలానీ నది లోయమీదుగా, ఒక్కొక్కటి ఏబది అడుగుల వెడల్పుగల పదునైదు కమానులపై కాలువను నడిపించెను. క్రింద నది, పైన కాలువ. ఆ పనికి కావలసిన వారిని తయారుచేయుటకై 1847లో రూర్కీలో నెలకొల్పిన విద్యాలయమే 2001లో ఐ.ఐ.టి. యైనది. 348 మైళ్ళ ప్రధాన కాలువను త్రవ్వినది కాట్లీ పేరుగల పార కాదు. ఆ యిటుకలు కాల్చిన, ఆ మట్టి మోసిన వేలకొలది స్త్రీపురుషుల పేళ్ళు ఏ ఫలకము మీదను లేవు. మన గోదావరి కాలువల కథయు అంతియే.

కాలువ పారిన పదేండ్లలోపుననే కాటను దొర గంగమీదికి దృష్టి సారించెను. 1863, 1864 సంవత్సరములలో ఆయన గంగకాలువను విమర్శించుచు, అది హరిద్వారము వంటి మీదిచోట మొదలు కావలసినది కాదనియు, దిగువన ఒండ్రునేలలో ఆనకట్ట కట్టి త్రిప్పవలసినదనియు, వాలు హెచ్చగుటచే నీరు అడుగును కోయుచున్నదనియు వాదించెను. గోదావరి డెల్టాను చూచిన కంటికి గంగయు డెల్టావలెనే తోచెను. కాట్లీ ఊరకుండలేదు. పత్రములు అచ్చువేయించి ఘాటుగా బదులు చెప్పెను. తుదకు తేలినదేమన: వాలు హెచ్చన్నమాట నిజమే, అడుగు కోతపడుచుండుటచే సరిదిద్దవలసి వచ్చెను. కాని కాలువ తల హరిద్వారము నుండి కదలలేదు. దిగువ సీమకై నరోరా వద్ద వేరొక కాలువను 1878లో తెరచిరి. అనగా ఒక్కొక్కరి యందును కొంత నిజము, కొంత మొండితనము. ఒక కోతి యెముక యెదుట అంతగా సందేహించిన కాట్లీ, తన కాలువ విషయమున అంతగా సందేహింపలేకపోయెను. తాను కనుగొన్నదానిని శంకించుటకంటె తాను కట్టినదానిని శంకించుట కష్టతరము. ఇది దొరలకు మాత్రమే పట్టిన జబ్బు కాదు.

కాట్లీ 1854లోనే సర్ బిరుదు పొంది దేశము విడిచెను. 1858 నుండి పదేండ్లు లండనులో ఇండియా కౌన్సిలు సభ్యుడుగా నుండెను. మిత్రుడు ఫాల్కనరు 1865లో గతించెను. కాట్లీ 1871 జనవరి 25వ తేదీన సిడెన్‌హామున కన్నుమూసెను. ఆయన శివాలికులలో కూర్చిన యెముకలు రెండువందల పదునాలుగు పెద్ద పెట్టెలలో బ్రిటిషు మ్యూజియమునకు కానుకగా పోయియుండెను. దానమిచ్చినది ఆయనయే గాని, సొమ్ము ఎవరిదను ప్రశ్న ఆనాడెవరును వేయలేదు. మేము వేయుచున్నాము. కోపముతో గాదు, మన పిల్లలు మన కొండల యెముకలను చూచుటకు సముద్రము దాటవలసివచ్చుట సబబు కాదని మాత్రమే.

ఇంతకును చీలమండ చెప్పినది కోతిని గూర్చి. తోకలేని నరవానరముల మాటయేమి? అవియు శివాలికులలో బయటపడెను. 1879లో లైడెక్కరు పంజాబునుండి వచ్చిన యొక నరవానరపు దవడను వర్ణించెను. 1910లో పిల్‌గ్రిము శివాపితికసు అను పేరు పెట్టెను. 1930 తరువాత అమెరికానుండి వచ్చిన లూయీసు ఒక దవడ ముక్కకు శ్రీరాముని పేర రామాపితికసు అని పేరు పెట్టెను. 1938లో వాడియా, అయ్యంగారు అను మన శాస్త్రజ్ఞులును భారతదేశపు శిలావానరములను గూర్చి ప్రకటించిరి. అన్నియు దవడలు, పండ్లు. చేయి లేదు, కాలు లేదు.

ఇచ్చట ఫెరిష్తా నాటి పొరపాటు వేషము మార్చుకొని తిరిగివచ్చెను. 1961 మొదలు కొందరు పండితులు రామాపితికసు పండ్లు చిన్నవి గావున అది మనుష్యునికి మూలపురుషుడనియు, రెండుకాళ్ళ మీద నడచియుండవచ్చుననియు చెప్పసాగిరి. పాఠ్యపుస్తకములలో అది నిటారుగా నిలువబడిన బొమ్మలు వెలిసెను. ఒక్క తొడ యెముక లేదు, మోకాలు లేదు, పాదము లేదు. అయినను అది నడచినది! పంటితో నడచిన ప్రాణి లోకమున నది యొక్కటియే. కాట్లీ కాలు చేతబట్టుకొని దవడకై వేచెను. వీరు దవడ చేతబట్టుకొని కాలిని ఊహించిరి.

పాకిస్థానులోని పోట్వారు పీఠభూమిలో 1980లో శివాపితికసు ముఖభాగము లభించి 1982లో ప్రకటితమయ్యెను. అది ఒరాంగుటాను ముఖమును అచ్చుగుద్దినట్లుండెను. రామాపితికసు వేరు జాతి కాదనియు, శివాపితికసులోనిదేననియు తేలెను. లోగడ దానిని మనుష్యునికి పూర్వికుడన్న పిల్‌బీము పండితుడే ఆ మాటను బహిరంగముగా విడిచిపెట్టెను. అట్టి విడుపు విజ్ఞానమునకు భూషణము. ఇంతలో నూరకుండలేని లోకులు ముఖము ఒరాంగుటానుదైనచో చేతులును దానివే యనిరి. ఒరాంగుటాను కొమ్మలకు వ్రేలాడుచు సాగును; కావున శివాపితికసును వ్రేలాడినదనిరి.

1990లో ఆ చేతుల సాక్ష్యమే వచ్చెను. పోట్వారులో దొరకిన దండచేతి యెముకలను ప్రకటించిరి. వ్రేలాడు వానరమునకు ఆ యెముక తిన్నగాను, భుజపు కీలు అన్నివైపుల తిరుగుటకు వీలుగాను నుండును. శివాపితికసు యెముక పైభాగము వంపు తిరిగి, కండరములు పట్టు గుర్తులు ప్రస్ఫుటమై, నాలుగుకాళ్ళ కోతుల యెముకను బోలియుండెను. మోచేతి వద్ద మాత్రము నరవానరపు కీలు. చేయి ముడిచినను చాచినను బెసకని గట్టి కీలు. అనగా అది నాలుగుకాళ్ళ మీద కొమ్మలపై నడచుచు, నిలువు మ్రాకులను ఎగబ్రాకిన ప్రాణి. 2015లో ప్రకటింపబడిన కటి యెముకయు ఇరుకై కోతి రీతిగానుండి ఆ తీర్పునే బలపరచెను. ముఖము ఒక కథ చెప్పగా చేయి వేరొక కథ చెప్పెను. కొందరు నేడును ముఖమునే నమ్మి ఒరాంగుటాను బంధువనుచున్నారు. కొందరు చేతిని చూచి సందేహించుచున్నారు. వ్రేలాడుటను వేరువేరు వంశములు వేరువేరుగా నేర్చియుండవచ్చునను తలంపు దీనివలన బలపడినది.

తక్కిన దేశములందును ఇదే పాఠము. కెన్యాలోని రుసింగా ద్వీపమున దాదాపు 180 లక్షల యేండ్ల నాటి తోకలేని వానరము చేతులును కాళ్ళును ఇంచుమించు సమానములై, కొమ్మలమీద అరచేతులాన్చి నడచినది. స్పెయినులో దొరకిన 120 లక్షల యేండ్ల నాటి పియెరోలాపితికసునకు రొమ్ము వెడల్పై మొండెము నిటారుగా నుండెను గాని వ్రేళ్ళు పొట్టి. ఎగబ్రాకుట నేర్చినది, వ్రేలాడుట నేర్వలేదు. ఇథియోపియాలో 1974లో దొరకిన లూసీ యను 32 లక్షల యేండ్ల నాటి స్త్రీ తొడ యెముక మోకాలివద్ద లోపలికి వాలియుండెను. మన తొడ యెముకయు అట్టిదే. అది రెండుకాళ్ళ నడకకు ముద్ర.

జావాలో 1892లో డుబ్వా కనుగొన్న తొడ యెముక కథ మరింత విచిత్రము. మనుష్యునివలె నిటారుగా నడచినదని దానిని చూచియే ఆ ప్రాణికి నిలువు మనిషియను పేరు పెట్టిరి. పుఱ్ఱె ఒకచోటను, తొడ యెముక కొంత దూరముననుగా దొరకెను. ఆ యెముక నిజముగా ఆ ప్రాణిదేనా, తరువాతి మనుష్యునిదా యను సందేహము నేటికిని తీరలేదు. అయినను ఆ జాతి నిలువుగా నడచినదనుట తరువాత దొరకిన యితర యెముకలవలన స్థిరపడినది. తీర్పు నిజమైనను సాక్షి అనుమానాస్పదుడు. న్యాయస్థానముల తీరెరిగిన మా పాఠకులకు ఇట్టివి క్రొత్త కావు.

ఇదంతయు చదివి ఆంజనేయుని భక్తులు నొచ్చుకొనవలసిన పని లేదు. హనుమంతుని పూజ ఎముకల లెక్కలపై నిలిచినది కాదు, ఎముకల లెక్కలవలన పడిపోవునదియు కాదు. కొండముచ్చు చీలమండ లక్షల యేండ్ల నాటిదని తెలిసినచో ఆ జాతియెడల గౌరవము పెరుగునే గాని తరుగదు. దేవాలయమున భక్తియు, పరిశోధనాలయమున ప్రశ్నయు తమతమ చోట్ల నుండవలెను. ఒకదానిని మరియొక దానికి కాపలా పెట్టినప్పుడే రెండును చెడును.

మన యాంధ్రదేశమునను ఇట్టి ప్రయత్నము జరిగినది. అప్పటి కర్నూలు మండలమున బేతంచెర్ల చేరువనున్న బిల్లసర్గము గుహలను 1884 ప్రాంతమున రాబర్టు బ్రూసు ఫూటును, ఆయన కుమారుడును త్రవ్వించిరి. ప్రాచీన మనుష్యుని యెముకలు దొరకునను ఆశతో మొదలైన పని యది. దొరకిన మృగముల యెముకలను ఆ లైడెక్కరే 1886లో వర్ణించి, అందొక ఖడ్గమృగమునకు కర్నూలు పేరే పెట్టెను. నరవానరము మాత్రము దొరకలేదు. ఇక మన కొల్లేటి సీమ నేల వయస్సున మిక్కిలి పిన్నది. రెండు నదుల ఒండ్రు పేరి యేర్పడినది. ఇచ్చట శివాపితికసు దొరకునని యెవరును ఆశింపరు. కాని తమ్మిలేరు, బుడమేరుల గట్టులందును, చెరువుల త్రవ్వకములందును పాత కుండ పెంకులు, నాణెములు, ఎముకలు తరచు బయటపడుట రైతులెరిగినదే. బేహటు నాణెములును కాలువ పూడిక తీయునప్పుడే కదా బయటపడినవి!

అట్టివి దొరకినప్పుడు పారతో చిదుపక, పెంటకుప్పలో వేయక, ఏ లోతున, ఏ పొరలో దొరకినదో గుర్తుపెట్టి, చేరువనున్న కళాశాలకో పురావస్తు శాఖకో తెలుపుట భూస్వాములకు గొప్ప కష్టము కాదు. స్థానము తెలియని యెముక చిరునామా లేని యుత్తరము వంటిది. పరదేశీయుడొకడు కాలువ పని నడుమ చేయగలిగిన దానిని, ఈ నేల తమదని చెప్పుకొను మనము చేయలేమా? దొర పెట్టెలు కట్టి పంపెనని నిందించు హక్కు, పొలమున దొరకినదానిని మనము కాపాడుకొన్నప్పుడే మనకు దక్కును.

కాటను విగ్రహములు మన గట్టులమీద నున్నవి; ఉండదగినవే. కాట్లీకి మన సీమ ఋణపడలేదు. ఆయన నీరు మనకు పారలేదు. కాని ఆయనవలన నేర్వదగినది ఒకటి కలదు. ఎముక చెప్పినంతమట్టుకే చెప్పి, చెప్పనిదానికై వేచియుండుట. ఆయనయే తన కాలువ విషయమున ఆ నీతిని మరచినాడు గావున, అది యెంత కష్టసాధ్యమో కూడ ఆయన జీవితమే చెప్పుచున్నది.